వెడల్పు మూడున్నర అంగుళాల కొట్టు

మన ఇళ్లలో సంక్రాంతికి పెట్టే బొమ్మల కొలువు గుర్తుందా? పై మెట్ల మీద దేవుళ్లు, కింది మెట్టు మీద కిరాణా కొట్టు. తక్కెడ, నాలుగు బస్తాలు, గల్లాపెట్టె, బొజ్జ మీద చేతులు పెట్టుకుని కూర్చున్న సెట్టిగారు. లేచి నిలబడితే సెట్టిగారి తల కొట్టు కప్పుకి తగిలేది. అయినా ఎవరూ తప్పు పట్టలేదు. బొమ్మ కదా!

యూరప్‌లో బొమ్మ రైళ్ల కథ కూడా ఇలాగే మొదలైంది. జర్మనీకి చెందిన మార్క్లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో కొలతలు స్థిరపరచిన పట్టాలతో బొమ్మ రైలు సెట్లు అమ్మకానికి పెట్టింది. రేకు మీద రంగులు అచ్చువేసిన స్టేషన్లు, దుకాణాలు ఆ తరం బొమ్మ రైళ్లకు తోడు. వాటిలో దేని కొలతకీ మరోదానితో పొత్తు ఉండేది కాదు. రైలే ముఖ్యం, పక్కన ఉన్నవన్నీ అలంకారం.

ఆ అలంకారం కాస్తా చరిత్రకు సాక్ష్యంగా ఎలా మారిందో చెప్పాలనే ఈ వ్యాసం. దానికి కారణం చివర్లో చెబుతాను. అందులో మీ అందరితో పని ఉంది.

ముందు కొలత సంగతి. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ స్కేలు, అంటే 87కి ఒకటి. అసలు రైలు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లయితే నమూనాలో 16.5. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. అదే స్కేలులో 19 పైన రావాలి. బజార్లో దొరికే పట్టాల మీద మన రైలు బండి నడిపితే ఆ తేడా కంటికి తెలుస్తుంది, నాబోటి ఇంజనీరుకైతే ముల్లులా గుచ్చుకుంటుంది. సరే, కొట్ల దగ్గరికి వద్దాం. అమెరికా చిన్న ఊళ్లలో కొట్టు ముఖం సాధారణంగా 25 అడుగుల లోపు. దాన్ని 87తో భాగిస్తే దాదాపు మూడున్నర అంగుళాలు, అరచేతిలో పట్టేంత. అందులో ఒక్కొక్క ఇటుక రెండు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ పొడవు, ముప్పాతిక మిల్లీమీటరు కూడా లేని మందం.

ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఇల్లినాయిస్‌లో ఉన్నప్పుడు, మా వీధిలో ఒక రిటైరైన పెద్దాయన తన ఇంటి నేలమాళిగ చూపించారు. గది నిండా ఒక ఊరు. మందుల షాపు, ఇనప సామాను కొట్టు, క్షవరశాల. అగ్గిపెట్టెంత గాజు కిటికీ వెనక అరలు, అరల్లో సీసాలు. గోడ ఇటుకల మధ్య మురికి ఎలా వచ్చిందని అడిగితే నవ్వి చేసి చూపించారు. స్పిరిట్‌లో రెండు మూడు చుక్కల నల్ల సిరా కలిపి బ్రష్‌తో గోడంతా పులమాలి. సిరా ఇటుకల సందుల్లోకి దిగిపోతుంది, స్పిరిట్ ఆరిపోతుంది. యాభై ఏళ్ల వానలు ఐదు నిమిషాల్లో కురిసినట్టు! తారు కప్పుకి పల్చటి టిష్యూ కాగితం అంటించి నల్లరంగు వేశారు. తుప్పుకి సుద్దముక్కల పొడి.

ఈ పాతబడిన రూపం తెచ్చే పద్ధతికి పేరు తెచ్చినవారిలో మొదటివాడు జాన్ అలెన్. వృత్తిరీత్యా ఫోటోగ్రాఫర్. కాలిఫోర్నియాలోని మాంటరేలో తన ఇంట్లో కొండలు, లోయలు, రేవులు, కొట్లు కట్టి, ఆ రైలుమార్గానికి ‘గోర్ అండ్ డఫెటిడ్’ అని పేరు పెట్టాడు. గబగబా పలికితే ‘నెత్తురోడి ఓడినది’ అని అర్థం వచ్చే ఇంగ్లీషు శ్లేష అది. అంతకుముందు నమూనా భవనాలు కొత్త బొమ్మల్లా తళతళలాడేవి. అలెన్ వాటికి వయసు ఇచ్చాడు. 1973 జనవరిలో ఆయన చనిపోయిన కొద్ది రోజులకే నిప్పంటుకుని ఆ నమూనా దాదాపు అంతా పోయింది. ఈనాడు దాన్ని అందరూ తలచుకుంటున్నారంటే, ఆయన తీసిన ఫోటోలు పత్రికల్లో ఉండబట్టే.

1967లో జార్జ్ సెలియోస్ మసాచుసెట్స్‌లో ‘ఫైన్ స్కేల్ మినియేచర్స్’ అనే సంస్థ పెట్టి, ఇటువంటి భవనాలను కిట్లుగా అమ్మాడు. సన్నటి చెక్కపుల్లలు, ప్లాస్టర్ పోతలు, లోహంతో పోసిన పీపాలు, పెట్టెలు. కొన్నవాళ్లు సొంతంగా కోసి, అంటించి, రంగు వేసుకోవాలి. రోజుల తరబడి పని.

రైలు నమూనాలో కొట్లెందుకు అని నేనూ అడిగాను. పెద్దాయన జవాబు నాకు ఇప్పటికీ నచ్చుతుంది: పెట్టెలో సరుకు ఎక్కడికి వెళుతోందో తెలియకపోతే రైలు ఎందుకు నడుస్తోందో తెలియదు. అది అక్షరాలా నిజం. అమెరికా పడమటి మైదానాల్లో చాలా ఊళ్లను రైలు కంపెనీలే గీత గీసి వేశాయి. పట్టాలకు అడ్డంగా బజారు, బజారుకు అటూ ఇటూ కొట్లు. ఆ కొట్ల ముఖాలు కూడా రైల్లోనే వచ్చాయి! సెయింట్ లూయిస్‌లో మెస్కర్ బ్రదర్స్, ఎవాన్స్‌విల్‌లో వాళ్ల సోదరుడు జార్జ్ మెస్కర్ పందొమ్మిదో శతాబ్దం చివర కేటలాగులు అచ్చువేసి ఊరూరా పంపేవారు. కొట్టు యజమాని ఆర్డరు రాస్తే, రేకుతో ఒత్తిన పూల అంచులు, ఇనప స్తంభాలు రైల్లో దిగేవి. ఊళ్లోని మేస్త్రీ బిగించేవాడు. అందుకే వందల మైళ్ల దూరంలో ఉన్న రెండు ఊళ్లలో కవలల్లాంటి కొట్లు కనిపిస్తాయి.

నన్ను ఆశ్చర్యపరచినవి నిజానికి ఆ నమూనాలు కాదు, వాటి వెనకున్న కాగితాలు. పెద్దాయన చేసిన మందుల షాపు అసలు భవనం ఆయన కుర్రతనంలోనే పడగొట్టేశారట. మరి కొలతలు? సాన్‌బోర్న్ పటాలు తీసి చూపించారు. 1867 నుంచి అగ్నిబీమా కంపెనీల కోసం ఆ సంస్థ అమెరికా ఊళ్లన్నీ తిరిగి గీసిన పటాలవి. అంగుళానికి 50 అడుగులు. ఇటుక భవనానికి గులాబీ రంగు, చెక్కదానికి పసుపు, రాతిదానికి నీలం. దుకాణమైతే ‘ఎస్’ అక్షరం, నివాసమైతే ‘డి’. ఎన్ని అంతస్తులో కూడా రాసి ఉంటుంది. నిప్పంటుకుంటే ఎంత నష్టమో లెక్కవేయడానికి బీమావాళ్లు గీయించుకున్న పటం, నూరేళ్ల తర్వాత ఒక ముసలాయన అట్టముక్క కోసుకోవడానికి పనికొచ్చింది.

రెండోది ఇంకా గొప్పది. 1933లో ఆర్థిక మాంద్యంలో పని లేక కూర్చున్న ఆర్కిటెక్టులు వేలల్లో ఉన్నారు. చార్లెస్ పీటర్సన్ అనే ప్రభుత్వ ఆర్కిటెక్టు ఒక ప్రతిపాదన రాశాడు: వెయ్యిమందిని పది వారాలు పనిలో పెట్టి దేశంలోని పాత భవనాలను కొలిపిద్దాం. అలా మొదలైన సర్వే ఇప్పటికీ నడుస్తోంది. ఆ చిత్రాలన్నీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఎవరికైనా ఉచితం. కరువు పనిగా మన దగ్గర చెరువులు తవ్వించినట్టు, వాళ్లు టేపులు పట్టించారు.

ఇంగ్లండులో ఇదే పని ఒక్క మనిషి తలకెత్తుకున్నాడు. రాయ్ ఇంగ్లండ్ అని పేరు, పుట్టింది ఆస్ట్రేలియాలో. 1925లో వచ్చి, వేల్ ఆఫ్ వైట్ హార్స్ అనే పల్లెసీమలో గడ్డికప్పుల ఇళ్లు ఒక్కొక్కటిగా రూపు మారిపోతుంటే చూసి, కనీసం అడుగుకి నాలుగు మిల్లీమీటర్ల కొలతలోనైనా వాటిని నిలబెడదామనుకున్నాడు. ఇంటింటికీ వెళ్లి కొలిచాడు. అట్ట మీద రాళ్లను ఒక్కొక్కటిగా గీసి నీటిరంగులు వేశాడు. 1954లో లాంగ్ విట్టెన్‌హామ్‌లో మొదలైన పెండన్ మ్యూజియం ఆయనదే. ఆయన పోయినా వాలంటీర్లు ఆ ఊరిని ఇంకా కడుతూనే ఉన్నారు.

ఇక మన స్టేషన్ రోడ్డు. నా లెక్కలో పదకొండు కొట్లు. పదో తరగతి దాకా రోజూ రెండు పూటలా వాటి ముందు నుంచే నడిచాం. నోటు పుస్తకాలు, గోళీసోడా, సైకిలు అద్దె, టైలరు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగులతో సహా ముఖాలన్నీ పోయాయి. మిగిలిన సగాల మీద ఇప్పుడు అద్దాల షోరూములు. వాటికి సాన్‌బోర్న్ పటం లేదు, కొలిచిన ఆర్కిటెక్టు లేడు. ఆ వరసను 1985 నాటి రూపంలో, హెచ్‌ఓ కొలతలో కట్టడం మొదలుపెట్టాను. పూర్తయితే బడి లైబ్రరీకే ఇద్దామని ఉంది. సాధారణంగా నమూనాల్లో స్థలం చాలక ఏడు కొట్లను నాలుగుగా కుదిస్తారు. నేను ఆ పని చేయదలచుకోలేదు. పదకొండూ ఉండాలి.

నా దగ్గరున్నవి నాలుగే ఫోటోలు. ఒకదానిలో కొట్టు గోడకు ఆనించిన సైకిలు ఉంది. చక్రం 28 అంగుళాలు. గోడ దానికి ఎన్ని రెట్లో చూస్తే అరుగు ఎత్తు, తలుపు వెడల్పు రెండూ వచ్చేశాయి. సైకిలు గోడకు ఆని ఉంటేనే సుమా, రోడ్డు మధ్యలో ఉంటే లెక్క తప్పుతుంది. కాబట్టి అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ ఇళ్లలో పెళ్లి ఊరేగింపు ఫోటోలు, వినాయకుడి నిమజ్జనం ఫోటోలు, బ్యాచ్ ఫోటోలు వెతకండి. మీ మొహాలు బాగా రాలేదని పక్కన పడేసినవి కూడా. నాకు కావలసింది మీ వెనక ఉన్న గోడ. ఫోటో ఇవ్వక్కర్లేదు, సంఘం ఆఫీసులో చూపిస్తే అక్కడే కాపీ తీసి తిరిగి ఇచ్చేస్తారు.

ఫోటో లేనివాళ్లకు ఒక ప్రశ్న. మూల మీది కిరాణా కొట్టుకి షట్టరు ఉండేది కాదు. రాత్రిపూట నిలువు చెక్కపలకలు గాడిలోకి ఒక్కొక్కటే జరిపి మూసేవారు. వరస తప్పకుండా పలకల మీద సుద్దతో అంకెలు వేసేవారు. అవి తొమ్మిదని నేనంటున్నాను, మా తమ్ముడు పదకొండు అంటున్నాడు. చివరి పలక మీది అంకె ఎవరికైనా గుర్తుందా?