మోటుపల్లి రేవులో దిగిన పరిమళం

ఘాటైన, వెచ్చని అత్తర్లు తెలుగువాళ్లకు గోల్కొండ సుల్తానులతోనే వచ్చాయని, అంతకుముందు మనవాళ్లకు పూలూ పసుపూ చందనమే తెలుసునని తరచూ చదువుతుంటాం. కాణిపాకం దగ్గరి మా ఐరాల వైపు మరో మాట వినిపిస్తుంది: పునుగు, కస్తూరి తిరుమల స్వామివారి సొత్తు, మనుషులు పూసుకునేవి కావు అని. ఆధారాలు చూస్తే రెండు మాటలూ నిలవవు.

వరాహమిహిరుడి బృహత్సంహితలో సుగంధాల తయారీకి ఒక అధ్యాయమే ఉంది. 12వ శతాబ్దిలో చాళుక్య సోమేశ్వరుడి మానసోల్లాసం ఒంటికి పూసే లేపనాలను రాజభోగాల్లో చేర్చింది. అయితే ఇవి రాజుల కోసం రాసిన సంస్కృత గ్రంథాలు. తెలుగు అంగట్లో ఏం అమ్మారో వీటివల్ల తెలియదు.

ఆ సంగతి చెప్పేది మోటుపల్లి శాసనం. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పాలకులు లాగేసుకునే పద్ధతి మాన్పించి, సుంకం మాత్రమే తీసుకుంటానని 1244లో కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిచ్చాడు. సుంకాల పట్టికలో చందనం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, పునుగు లాంటి జవ్వాది కనిపిస్తాయి. దక్కను సుల్తానులు అప్పటికి లేరు: బహమనీ రాజ్యం పుట్టింది 1347లో, గోల్కొండ రాజ్యం 1518లో. పన్నీరు పడమటి దేశాల సరుకే కావచ్చు. కానీ ఇక్కడికి దాన్ని తెచ్చింది దండయాత్ర కాదు, బేరం.

శాసనం రేవులో దిగిన సరుకునే చెబుతుంది గానీ ఎవరు పూసుకున్నారో చెప్పదు కదా, అంతా గుళ్లకే పోయి ఉండొచ్చు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొంత గుళ్లకు పోయే ఉంటుంది. కానీ మరో నూటయాభై ఏళ్లకు కొండవీటిలో కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలు జరిపి కర్పూర వసంతరాయలనిపించుకున్నాడు. అక్కడ కర్పూరం, గంధం చల్లింది మనుషుల మీదే. ఆ సుగంధాలను సముద్రాల మీదుగా తెప్పించిన అవచి తిప్పయ్యసెట్టికి శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. కవి వర్ణనలో అతిశయం ఉంటుంది, దాన్ని సుంకం పద్దులా చదవకూడదు. అయినా పరిమళాల వర్తకుడు కావ్యానికి కృతిపతి కాగలిగాడంటే, కొనేవాళ్లు ఎంతమంది ఉండాలి!

పల్లెలో కస్తూరి కొనగలిగినవాళ్లు లేరు. పల్లెవాళ్ల వెచ్చని పరిమళం తలంటు తర్వాత జుట్టుకు పట్టే సాంబ్రాణి పొగ, నలుగులో కలిపే కచ్చూరాలు, బావంచాలు. చరిత్రకారులు వీటిని వదిలేయడం నాకు నచ్చదు. ఆడవాళ్ల చేతిలో తయారయ్యాయని కాబోలు, లెక్కలోకి రాలేదు.

సుల్తానుల పాత్ర చిన్నదనడం లేదు. దక్కనులో అత్తరు కళకు వాళ్ల దర్బారులు గొప్ప ఆదరణ ఇచ్చాయి, హైదరాబాదు చార్మినార్ వీధుల్లో అది ఇప్పటికీ బతికే ఉంది. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పునుగు పూస్తారు, కడప అమీన్‌పీర్ దర్గా ఉరుసులో గంధం సమర్పిస్తారు. ఈ వాసనలను మతాల వారీగా పంచాలనుకునేవాళ్లకు రాయలసీమే జవాబు.

పాత సరుకు మన ఒంటి మీద నుంచి పోయిందెందుకు? ఇంగ్లీషు సెంటు మోజే కారణమంటే సరిపోదు. కస్తూరి హిమాలయాల మృగం నుంచి రావాలి, ఎప్పుడూ బంగారంతో పోటీపడే ధరే. 1888లో ఆల్బర్ట్ బౌర్ కస్తూరి వాసనను ప్రయోగశాలలో పుట్టించాక చవక సరుకు దారి తెరుచుకుంది. 1972 వన్యప్రాణి చట్టం మిగిలిన తలుపు మూసింది. ఆ మూయడం మంచిదే. ఒక సీసా కోసం జింకను చంపడాన్ని ఏ సంప్రదాయమూ సమర్థించజాలదు.

ఇవాళ కాణిపాకం లాంటి క్షేత్రాల అంగళ్లలో చిన్న డబ్బీల్లో జవ్వాది పేరుతో అమ్మే పొడి చాలావరకు ఆ వాసనకు దగ్గరగా కూర్చిన మిశ్రమం. పేదవాడికీ అందుతోంది, సంతోషం. నా అభ్యంతరం వేరు. చలికాలానికి కస్తూరి, అగరు, కుంకుమపువ్వు; ఎండాకాలానికి చందనం, కర్పూరం అని వాగ్భటుడి ఋతుచర్య విడదీసి చెప్పింది. వేడి పరిమళాలు మన ఎండలకు పనికిరావని ఇప్పుడు తీర్పు చెప్పేవాళ్లు, వాటిని ఎండల్లో పూసుకోమని పాతవాళ్లు చెప్పనేలేదని మరిచిపోతున్నారు. ఏడాది పొడవునా ఒకే సీసా చొక్కా మీద చల్లుకుని, తలనొప్పి వస్తే అత్తరును తిట్టడం అన్యాయం.