ఓడిన వియన్నా ఆడిన పాట

1866 జులై 3న కోనిగ్రాట్జ్ దగ్గర ప్రష్యా సేనలు ఆస్ట్రియాను చిత్తుగా ఓడించాయి. ఆ తర్వాతి చలికాలంలో వియన్నాలోని పురుషుల గాయక సంఘం కార్నివాల్ వేడుక కోసం స్వరకర్త యోహాన్ స్ట్రౌస్ ఓ వాల్ట్జ్ నాట్యగీతం కట్టాడు. తండ్రీకొడుకులిద్దరిదీ ఒకటే పేరు, ఈయన కొడుకు. అప్పటికే వాల్ట్జులు కుప్పలుగా కట్టాడు గానీ, గొంతులతో పాడేందుకు కట్టడం ఇదే మొదలు.

బాణీ ముందొచ్చింది. మాటలు తర్వాత అతికించారు. అతికించినవాడు యోసెఫ్ వైల్ అనే పోలీసు శాఖ గుమాస్తా. దిగులు మాని గంతులేయండహో అన్న ధోరణిలో వేళాకోళంగా రాసేశాడు. పేరేమో కార్ల్ బెక్ కవిత్వంలోంచి తెచ్చుకున్నది, ‘అందమైన నీలి డాన్యూబ్ తీరాన’. తమాషా ఏమిటంటే వైల్ పాటలో డాన్యూబ్ నది ఊసే లేదు!

1867 ఫిబ్రవరి 15న డయానా హాల్లో తొలిసారి పాడారు. అది అసలు ఈతకొలను; చలికాలంలో పైన పలకలు పరిచి నాట్యశాలగా వాడేవారు. జనం మెచ్చుకున్నారు గానీ ఊగిపోలేదు. మార్చిలో మాటలు తీసేసి వాద్యబృందంతో వాయించారు. ఆ ఏడే పారిస్ ప్రపంచ ప్రదర్శనలో మోగాక ఇక దానికి తిరుగులేదు.

మాటలు రాలిపోయినా బాణీ ఎందుకు నిలిచింది? వాల్ట్జ్‌ది మూడు దెబ్బల నడక, మన లెక్కలో తిశ్రం. వియన్నావాళ్లు రెండో దెబ్బను రవ్వంత ముందే వేస్తారు. ఆ తొందర స్వరలిపిలో కనిపించదు, చేతుల్లో ఉంటుంది. లయ కొలిచే మెట్రోనోమ్‌కు కట్టేసి వాయిస్తే ఈ పాట చచ్చినట్టే.

ఎత్తుగడ మాత్రం నాట్యానికి కాదు. వయొలిన్లు సన్నగా కంపిస్తుంటే హార్న్ నింపాదిగా మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది. రాబోయే ప్రధాన బాణీకి అది ఇంకా నిద్రమత్తు వదలని రూపం. జోడీలు కుదుర్చుకోవడానికి ఈలోగా వ్యవధి దొరుకుతుంది. తర్వాత ఒకదాని వెంట ఒకటి ఐదు వాల్ట్జులు. మొదటిది డి మేజర్లో, మూడు స్వరాలెక్కి ఆగుతుంది. పైస్థాయి నుంచి రెండేసి పొట్టి స్వరాలు వంత పాడతాయి. అంతే, ఇంకేమీ లేదు. ఆ తేలికతనమే అసాధ్యమైన పని. బ్రాహ్మ్స్ అంతటి స్వరకర్త స్ట్రౌస్ ఇంటివారి విసనకర్ర మీద ఈ బాణీ గీసి, ఇది నాది కాకపోవడం నా దురదృష్టమని సంతకం చేశాడు.

1890లో ఫ్రాంజ్ గెర్నెర్ట్ డాన్యూబ్‌ను పొగుడుతూ గంభీరంగా కొత్త మాటలు రాశాడు. 1968లో స్టాన్లీ కుబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ సినిమాలో అంతరిక్షనౌకలను దీని లయకు తిప్పాడు. ఏటా జనవరి 1న వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం కచేరీలో ఇది తప్పనిసరి.

మనకు ఎక్కడ వినబడినా చాలాసార్లు ఆ మొదటి బాణీ ముక్కే. పది నిమిషాలు తీరిక చేసుకుని మొత్తం వినండి. పాత బాణీలన్నీ మళ్లీ పలకరించే ఆ చివరి ఘట్టం దగ్గర మాత్రం లేచి వెళ్లిపోకండి.