పక్షి మైట్ల చర్మవ్యాధి

పక్షుల నెత్తురు తాగి బతికే మైట్లు మనుషుల్ని కుట్టినప్పుడు ఒంటిమీద ఎర్రటి పొక్కులు లేచి, నిద్ర పట్టనివ్వని దురద పుడుతుంది. వైద్యులు దీన్ని గామసాయిడోసిస్ అంటారు. ప్రధాన కారకం కోళ్ల ఎర్ర మైటు, డెర్మనిసస్ గల్లినే. ఎనిమిది కాళ్లున్న ఈ జీవి పొడవు ఒక మిల్లీమీటరు లోపే. ఆకలిగా ఉన్నప్పుడు బూడిదరంగులో ఉండి, రక్తం తాగాక ఎర్రబడుతుంది. పగలంతా గూటిలోనో గోడ పగుళ్లలోనో దాక్కుని, రాత్రి బయటికొస్తుంది. పక్షి పిల్లలు ఎగిరిపోయి గూడు ఖాళీ అయినప్పుడు ఎక్కువగా మనుషుల మీదికి మళ్లుతుంది.

ఈ మైటు 1778లోనే స్వీడన్ శాస్త్రవేత్త డి గీర్ గ్రంథంలో నమోదైంది. అయినా రోగి ఒంటిమీద దీన్ని పట్టుకోవడం నేటికీ కష్టమే. గజ్జి పురుగు సంగతి వేరు. 1687లో ఇటలీలో బొనోమో, చెస్తోనీ దాన్ని సూక్ష్మదర్శినిలో చూసి వర్ణించారు. 1834లో పారిస్‌లో రెనుచ్చి అనే విద్యార్థి రోగుల చర్మంలోంచి దాన్ని సూదితో తీసి అందరికీ చూపించాడు. అది చర్మాన్ని తొలుచుకుని అక్కడే గుడ్లు పెడుతుంది కాబట్టి దొరికింది. పక్షి మైటు అలా కాదు, కుట్టి వెళ్లిపోతుంది. చర్మం గీకి పరీక్షిస్తే ఏమీ కనబడదు. అందుకే చాలామంది గజ్జి మందులు పూసుకుంటూ ఉండిపోతారు. పురుగులు పాకుతున్నాయన్నది వట్టి భ్రమేనని కొట్టిపారేసిన సందర్భాలూ ఉన్నాయి. రోగికి ఇంతకన్నా అన్యాయం లేదు. వైద్యుడు ముందు అడగాల్సింది ఇంటి చుట్టూ ఉన్న పక్షి గూళ్ల గురించి.

1944లో అమెరికా పరిశోధకులు స్మిత్, బ్లాట్నర్, హేస్ కోళ్ల మైట్లలో సెయింట్ లూయిస్ మెదడువాపు వైరస్‌ను కనుగొన్నారు. దాంతో కలవరం రేగింది. అయితే ఆ జబ్బును మనుషులకు చేరవేసేది దోమలేనని తరవాత స్థిరపడింది.

కోళ్ల ఫారాల్లో ఈ మైట్ల బెడద తగ్గలేదు. 2012 నుంచి ఐరోపా సమాఖ్య ఇరుకు బోనులను నిషేధించింది. కోళ్లకు చోటు పెరిగింది కానీ, మైట్లు దాగే సందులూ పెరిగాయి. 2017లో ఐరోపాలో మైట్లను చంపడానికి నిషిద్ధ పురుగుమందు ఫిప్రోనిల్ వాడారని తేలి, లక్షలాది గుడ్లను అంగళ్లనుంచి వెనక్కి తెప్పించారు. అదే ఏడాది, తాగునీటిలో కలిపి కోళ్లకిచ్చే మందు ఫ్లూరలానర్‌కు అక్కడ అనుమతి వచ్చింది.

హైదరాబాదు వంటి నగరాల్లో ఏసీ యూనిట్ల వెనుక, బాల్కనీ మూలల్లో పావురాలు గూళ్లు పెడుతుంటాయి. వాటి మైట్లు కుట్టినప్పుడు దురదకు ఇచ్చే యాంటీహిస్టమిన్లు, స్టెరాయిడ్ పూతలు ఉపశమనమే తప్ప పరిష్కారం కావు. పావురాలు వెళ్లిపోయాక గూడు తీసేసి, చుట్టుపక్కల పగుళ్లను కూడా శుభ్రం చేసి మైట్లను చంపాలి. ఎందుకంటే ఆహారం లేకుండానే ఎర్ర మైటు నెలల తరబడి బతకగలదు.