పండు గ్లాసులోకి దిగిన దారి

ఇంట్లో పండ్లరసం తీసుకోవడానికి మనం వాడే సాధనాల్లో ఆరోగ్యం కోసమని పుట్టినవి చాలా తక్కువ. బత్తాయిని బోర్లించి తిప్పే గాజు గిన్నెను అమెరికాలో ఇంటింటికీ చేర్చింది, తోటల్లో మిగిలిపోతున్న నారింజ పంట. అడుగున బ్లేడు తిరిగే జార్ తయారైంది పాలలో మాల్ట్ పొడి కలపడానికి. మన మిక్సీ వచ్చింది పప్పులు రుబ్బడానికి, పచ్చళ్లు నూరడానికి. ఆరోగ్యం అన్న మాట వీటన్నిటికీ తర్వాత తోడైంది. అందుకే ఈ వస్తువుల చరిత్ర చదివేటప్పుడు నేను ప్రతి మలుపులోనూ ఒక్క ప్రశ్న వేసుకుంటాను: పిప్పిని ఏం చేశారు? పారేశారా, గ్లాసులోనే ఉంచారా? ఆ గ్లాసు మన ఒంటికి చేసే మేలు చాలావరకు ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంది.

యంత్రం లేని రోజులు

కృష్ణా జిల్లా వైపు పెద్దరసం మామిడిపండు తినే తీరు చూడండి. పండును రెండు అరచేతుల మధ్య మెల్లగా పిసుకుతారు. లోపల గుజ్జు కదిలిందని చేతికి తెలిశాక ముచ్చిక తీసేసి, మొదటి నాలుగు చుక్కల సొన పిండేసి, నోట పెట్టుకుని జుర్రుతారు. రసం అయిపోయాక టెంకకు పట్టిన పీచును పళ్లతో లాగి లాగి చప్పరిస్తారు. గ్లాసు లేదు, జల్లెడ లేదు. తాగడమూ తినడమూ ఒకటే పని. ఒక పండు పూర్తయ్యేసరికి పది నిమిషాలు పడుతుంది, రెండో పండుకు కడుపు నిండిపోతుంది.

మనకు వేసవి పానీయాలకు కొదవ లేదు. శ్రీరామనవమికి బెల్లం, మిరియాలు, ఏలకులతో పానకం చేస్తాం. మంగళగిరిలో నరసింహస్వామికి పానకమే నైవేద్యం. చలివేంద్రాల్లో మజ్జిగ పోస్తాం. నిమ్మరసం, కొబ్బరినీళ్లు, రాయలసీమలో సుగంధపాల వేళ్లతో చేసే నన్నారి షర్బత్ ఉండనే ఉన్నాయి. వీటిలో ఏదీ పండు తినడానికి బదులుగా తాగేది కాదు. ఎండకు ఒళ్లు చల్లబడటానికి ఇవి, ఆకలికి పండు వేరు. బండెడు పండ్లను ఒక్క గ్లాసులోకి పిండుకోవాలన్న ఆలోచనకు మనింట్లో సాధనమూ లేదు, అవసరమూ రాలేదు. చెరకు రసానికి గానుగ కావాలి, అది వీధిలోనే ఉండేది.

ఓడ మీద నేర్చిన పాఠం

పండ్లరసాన్ని మందుగా చూడటానికి బలమైన ఆధారం దొరికింది సముద్రం మీద. 18వ శతాబ్దంలో నెలల తరబడి ఓడల్లో గడిపే నావికులను స్కర్వీ వ్యాధి చంపేసేది. చిగుళ్లు వాచి రక్తం కారేది, పాత గాయాలు మళ్లీ తెరుచుకునేవి. 1747లో బ్రిటిష్ యుద్ధనౌక 'సాలిస్‌బరీ' మీద జేమ్స్ లిండ్ అనే వైద్యుడు 12 మంది రోగులను ఇద్దరేసి చొప్పున ఆరు జతలు చేశాడు. ఒక్కో జతకు ఒక్కో మందు ఇచ్చాడు. రోజూ రెండు నారింజలు, ఒక నిమ్మపండు తిన్న జత వారం తిరక్కుండానే తేరుకుంది.

ఆ తర్వాత లిండ్ చేసిన సూచన మనకు ఇంకా పెద్ద పాఠం. ఓడలో పండ్లు నిలవ ఉండవు కాబట్టి రసాన్ని గంటల తరబడి వేడిచేసి పాకంలా చిక్కబరచి సీసాల్లో పోసుకోమన్నాడు. ఆ వేడికి అందులోని మేలు చేసే గుణం చాలావరకు పోయింది. నావికాదళం నావికులకు నిమ్మరసం క్రమం తప్పకుండా ఇవ్వడం మొదలుపెట్టింది 1795లో. ఆ గుణం పేరు విటమిన్ సి అని తేలడానికి 20వ శతాబ్దం రావలసి వచ్చింది. దాన్ని వేరుచేసిన ఆల్బర్ట్ సెంట్-జార్జికి 1937లో నోబెల్ బహుమతి దక్కింది. రసం తాజాగా ఉన్నప్పుడే దాని విలువ అన్నది ఓడ మీద ప్రాణాలు పోగొట్టుకుని నేర్చిన సంగతి.

పంట మిగిలిపోతే

పొద్దున్నే గ్లాసుడు నారింజరసం తాగే అలవాటు అమెరికాలో అనాదిగా ఉన్నది కాదు. 20వ శతాబ్దం మొదట్లో కాలిఫోర్నియా రైతులు జనం తినగలిగినదానికంటే ఎక్కువ నారింజ పండించారు. వాళ్ల సహకార సంఘం 'సన్‌కిస్ట్' పేరుతో పండ్లు అమ్మేది. 1916లో ఆ సంఘం నారింజను తాగండి అంటూ దేశమంతా ప్రకటనలు గుప్పించింది. వాటితో పాటే గాజుతో చేసిన చవక పిండుడు గిన్నెలను అమ్మించింది. మధ్యలో గాళ్లు తేలిన శంకువు, చుట్టూ రసం నిలిచే గుంట, గింజలు ఆపే పళ్లు. ఇప్పుడు మన దుకాణాల్లో ప్లాస్టిక్‌తో దొరికేది కూడా అదే అచ్చు.

లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. తినడానికి కూర్చున్న మనిషికి ఒక పండు చాలు. గ్లాసు నిండాలంటే మూడో నాలుగో పండ్లు పిండాలి. రైతులకు మిగిలిన పంట అమ్ముడుపోయింది. ఇళ్లలో మాత్రం తొనల మీది పొర, గుజ్జు, పీచు చెత్తబుట్టలోకి వెళ్లాయి. పిప్పి పారేసే అలవాటు వంటింట్లో స్థిరపడింది ఈ గిన్నెతోనే.

రేసిన్ పట్నంలో పుట్టిన బ్లేడు

ఇక పిప్పిని గ్లాసులోనే ఉంచే రెండో దారి. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రేసిన్ పట్నం మనకు పేరు తెలియకపోయినా, అక్కడ పుట్టిన ఒక వస్తువు మన ఇళ్లలో తరాలుగా ఉంది. అది హార్లిక్స్ మాల్ట్ పొడి. ఆ సంస్థను హార్లిక్ అన్నదమ్ములు 1873లో షికాగోలో స్థాపించి, తర్వాత రేసిన్‌కు మార్చారు. సోడా దుకాణాల్లో ఈ మాల్ట్ పొడిని పాలలో ఉండలు కట్టకుండా కలపాలి. రేసిన్‌లోనే ఉన్న స్టీఫెన్ పోప్లావ్‌స్కీ 1922లో దీనికో మార్గం కనిపెట్టాడు. తిరిగే బ్లేడును పైనుంచి దించకుండా, జార్ అడుగునే అమర్చాడు. నేటి మిక్సీ జార్‌కు మూలరూపం అదే.

అడుగున బ్లేడు ఉంటే ఏమవుతుందో మిక్సీ మూత కొంచెం తెరిచి చూసినవాళ్లకు తెలుసు. బ్లేడు తిరగ్గానే ద్రవం అంచులకు ఎగిసి, మధ్యలో సుడి పడుతుంది. ఆ సుడి పైనున్న ముక్కలను కిందికి లాగి బ్లేడుకు అందిస్తుంది. జార్‌లో నీళ్లు చాలకపోతే సుడి పడదు, బ్లేడు చుట్టూ గాలి నిలిచి ఒట్టిగా తిరుగుతుంది. ముందు నీళ్లో పెరుగో పోసి, తర్వాత మెత్తని పండు, ఆఖరున గట్టి ముక్కలు వేయమనేది ఇందుకే.

1930లలో ఫ్రెడ్ ఓసియస్ ఈ యంత్రాన్ని మెరుగుపరిచాడు. అతనికి పెట్టుబడి పెట్టింది ఫ్రెడ్ వేరింగ్ అనే ప్రముఖ బ్యాండ్ నాయకుడు. 1937లో షికాగోలో జరిగిన రెస్టారెంట్ల ప్రదర్శనలో 29.75 డాలర్ల ధరతో అది బయటికి వచ్చింది. మొదట దాన్ని ఎక్కువగా కొన్నది బార్లు, హోటళ్లు. ఆ తర్వాత అది ప్రయోగశాలల్లోకీ వెళ్లింది. వంశపారంపర్య సమాచారం ఉండేది డీఎన్‌ఏలోనే అని బలంగా చాటిన 1952 నాటి హెర్షీ, చేజ్‌ల ప్రయోగంలో వైరస్ తొడుగులను బ్యాక్టీరియా నుంచి విడగొట్టింది వేరింగ్ బ్లెండరే.

రెండు దారులు

అదే కాలంలో నార్మన్ వాకర్ పచ్చి కూరగాయల రసాలను ప్రచారం చేశాడు. 1936లో వాటి మీద పుస్తకం తెచ్చాడు. కూరగాయలను తురిమి, గుడ్డలో కట్టి, ఒత్తిడితో పిండే యంత్రాన్ని రూపొందించాడు. జల్లెడలో గిరగిరా తిప్పి రసం విసిరే జ్యూసర్లూ, ఈమధ్య మన దగ్గరా కనిపిస్తున్న నెమ్మదిగా నలిపే కోల్డ్ ప్రెస్ జ్యూసర్లూ ఈ బాటవే. వీటి సిద్ధాంతం ఒక్కటే: సారం రసంలో ఉంది, పిప్పి వ్యర్థం. ఈ రసాలు రోగాలు కుదురుస్తాయని, ఒంట్లో విషాలు కడిగేస్తాయని చెప్పినవాళ్లకు రుజువు దొరకలేదు. ఆ కడిగే పని కాలేయం, మూత్రపిండాలు రోజూ చేస్తూనే ఉన్నాయి.

బ్లెండర్ బాట పట్టినవాళ్లు మరోలా ఆలోచించారు. కాలిఫోర్నియా ఆరోగ్యాహార దుకాణాల్లో పండును మొత్తంగా మెత్తబరిచిన చిక్కటి పానీయాలు ముందే ఉన్నాయి. పాలు పడని స్టీవ్ కూనావ్ తన ఒంటికి సరిపడేలా పండ్లు, ఐసు, పోషకాల పొడులు కలుపుకొని తాగుతూ ఉండేవాడు. అతను 1973లో లూజియానాలో ఇలాంటి చిక్కటి పానీయాలను స్మూతీల పేరుతో అమ్మే దుకాణం తెరిచాడు. అక్కణ్ణుంచి స్మూతీ ప్రపంచమంతా పాకింది. ఇందులో పిప్పి గ్లాసులోనే ఉంటుంది.

రోలు పక్కకు జరిగింది

మన దేశానికి వచ్చిన విదేశీ మిక్సర్లు మెత్తని పదార్థాల కోసం చేసినవి. పసుపుకొమ్ము, ఎండు మిరపకాయ, నానబెట్టిన మినప్పప్పు వేస్తే మోటారు కాలిపోయేది. సత్యప్రకాశ్ మాథుర్ సీమెన్స్‌లో ఇంజినీరు. ఇంట్లో జర్మనీ మిక్సర్ చెడిపోయి, ఇక్కడ బాగుచేసే వీలు లేకపోవడంతో, ఆయన భార్య మాధురి నువ్వే ఒకటి చేసిపెట్టమని పట్టుబట్టారు. ఆయన ఉద్యోగం వదిలి స్నేహితులతో కలిసి 1963లో కంపెనీ పెట్టారు. అదే 'సుమీత్' మిక్సీ. 1978లో చెన్నైలో 'ప్రీతి' మొదలైంది. అమెరికా వెళ్లే తెలుగు కుటుంబాల కోసం 110 వోల్టుల మీద నడిచే మన మిక్సీలు కూడా తయారవుతున్నాయి. అక్కడి బ్లెండర్‌తో చట్నీ కుదరదన్నది ప్రతి ఇల్లాలి అనుభవం.

రోటి పని కోసం కొన్న ఈ మిక్సీ, మనకు తెలియకుండానే స్మూతీ యంత్రం కూడా అయింది. నిమిషానికి 18 వేల నుంచి 20 వేల చుట్లు తిరిగే మోటారుకు అరటిపండు, బొప్పాయి ఒక లెక్క కాదు. జ్యూసర్ అంటూ వేరే కొనకపోయినా పండు, పెరుగు, నాలుగు నానబెట్టిన బాదంపప్పులు చాలు.

బత్తాయితో ఒక పరీక్ష

ఈ వందేళ్ల వివాదాన్ని ఒక బత్తాయితో ఇంట్లోనే చూడవచ్చు. తొక్క తీసి, తొనలను గింజలతో సహా మిక్సీలో వేసి తిప్పండి. వెంటనే తాగితే ఒక మాదిరిగా ఉంటుంది. అరగంట ఆగితే నాలుక మీద చేదు నిలుస్తుంది. తెల్లపొరలోనూ గింజల్లోనూ ఉన్న ఒక పదార్థం రసంలోని పులుపుతో కలిసి మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. ఆ చేదు దానిదే. గింజలు తీసి, మందపాటి తెల్లపొర వదిలేసి, తొనలపై పలచని పొర మాత్రం ఉంచి తిప్పితే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది, పీచూ దక్కుతుంది. బొప్పాయి, అనాసలది ఇంకో గుణం. వాటిలోని ఎంజైములు పాలలోని ప్రొటీన్లను విడగొట్టి కాసేపట్లో చేదెక్కిస్తాయి. వాటిని పాలతో కలిపితే అప్పటికప్పుడే తాగాలి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. 200 మి.లీ. నారింజరసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే నాలుగు చెంచాలు. పీచు దాదాపు శూన్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పండ్లరసంలోని సహజమైన చక్కెరను కూడా తేనె, పంచదారల సరసనే చేర్చింది. రోజుకు 2000 కేలరీలు తినేవారికి ఇలాంటి చక్కెర 50 గ్రాములు దాటకూడదనీ, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదనీ చెప్పింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రసాలకంటే పండే మేలని స్పష్టంగా అంది. చెరకు రసంలో 100 మి.లీ.కి 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుందని హెచ్చరించింది. స్మూతీ అయినా గీత దాటవద్దని బ్రిటన్ ఆరోగ్య సేవా విభాగం సలహా: రసమూ స్మూతీ కలిపి రోజుకు 150 మి.లీ. మించకూడదు.

కాబట్టి ఇంట్లో గ్లాసు చేసుకునేవారికి నా మాట ఇది. ఒక మనిషి ఒక పూట తినగలిగినంత పండే గ్లాసులోకి వెళ్లాలి, ఒకటి లేదా ఒకటిన్నర. వడకట్టవద్దు, పంచదార వేయవద్దు. పాలకూర, పుదీనా వేస్తే నిమ్మరసం పిండండి, ఆకుల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి విటమిన్ సి సాయపడుతుంది. సొరకాయ రసం చేస్తే ముందు చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే మొత్తం పారేయండి, అది ప్రాణాల మీదికి తెచ్చిన ఘటనలు మన దేశంలో ఉన్నాయి. ఏడాది నిండని పిల్లలకు రసం వద్దు. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు రోజూ తాగే ముందు డాక్టరును అడగాలి. చేసిన వెంటనే తాగాలి, ఫ్రిజ్‌లో దాచి రేపటికి ఉంచుకోవద్దు.

పండు బాగా దొరికే కాలంలో, పళ్లున్న మనిషికి పండే మొదటి ఎంపిక. నమలలేని ముసలివారికి, ఆకలి చచ్చిన రోగికి, పండంటే మొహం తిప్పేసే పిల్లలకు, పొద్దున్నే పరుగెత్తే ఉద్యోగికి పిప్పితో కూడిన గ్లాసు నిజమైన సాయం. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. చట్నీ నూరే మిక్సీ చాలు, జ్యూసర్ జార్‌లో ఉన్న జాలీని పక్కన పెట్టేయండి.