గడపకు వచ్చిన దంతవైద్యము: అడ్డపొగ పరిశోధనల చరిత్ర

పంటి బాధను మన ఇండ్లలో రోగముగా ఎంచుట అరుదు. జ్వరము వచ్చినచో మందు తెత్తురు. కాలు విరిగినచో కట్టు కట్టింతురు. పన్ను నొచ్చినచో మాత్రము లవంగమొకటి నొక్కిపెట్టుకొని పనికి పోవుదురు. వేపపుల్ల, ఉత్తరేణి వేరు, కచ్చిక మన తాతల నాటి దంతధావన సాధనములు. వానిని తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. కాని తన నోటిలో ఏమి జరుగుచున్నదో మనిషి తాను చూచుకొనలేడు. దానికి మరియొకరి కన్ను కావలెను. ఆ కన్ను పల్లెలోని బీదవారి ముంగిటికి ఎట్లు వచ్చినదో, ఆ చరిత్రలో మన తెలుగు పల్లెలకు గల స్థానమెట్టిదో ఈ వ్యాసమున మనవి చేయదలచితిని.

ఆధునిక దంతవైద్య విద్య మన దేశమున ఆలస్యముగా మొలకెత్తినది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున చదివి వచ్చిన డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మదు 1920లో కలకత్తా నగరమున మొదటి దంతవైద్య కళాశాలను నెలకొల్పెను. 1946లో భోర్ సంఘము తన నివేదికను సమర్పించునాటికి అవిభక్త భారతదేశమున దంతవైద్యులు రమారమి వేయిమంది, అనగా మూడు లక్షల మందికి ఒక్కరు. 1948లో దంతవైద్యుల చట్టము అమలులోనికి వచ్చినది. తరువాత మద్రాసున 1953లోను, బెంగుళూరున 1958లోను, హైదరాబాదున 1959లోను ప్రభుత్వ దంతవైద్య విద్య ఆరంభమైనది. నేడు దేశమున దంతవైద్య కళాశాలలు 300కు మించి యున్నవి. అయినను వైద్యులలో పెక్కుమంది పట్టణములనే ఆశ్రయించి యున్నారు. వైద్యుల సంఖ్య పెరుగుట వేరు, వైద్యము మనిషిని చేరుట వేరు. ఈ భేదము ఎరిగి పనిచేసినవారి కథయే అడ్డపొగ పరిశోధనల కథ.

అడ్డపొగ యన నేమో విశాఖపట్టణము మొదలు గంజాము వరకు గల తీరప్రాంతము వారికి చెప్పనక్కరలేదు. ఇతర ప్రాంతముల సోదరుల కొరకు వివరించెదను. చుట్టను వెలిగించి, నిప్పు గల కొనను నోటి లోపల ఉంచుకొని పొగ పీల్చుటయే అడ్డపొగ. ఈ అలవాటు పురుషులలో కంటె స్త్రీలలో ఎక్కువగా ఉండెను. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండుటకై జాలరులు ఇట్లు త్రాగిరని కొందరందురు. పెద్దల యెదుట నిప్పు కనబడకుండుటకై స్త్రీలు ఇట్లు చేసిరని మరికొందరందురు. కారణమేదైనను, తల్లిని చూచి కూతురును, అత్తను చూచి కోడలును నేర్చుకొనిరి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు బరంపురము ఆ వైపునకు, ఇచ్ఛాపురము ఈ వైపునకు వచ్చినవి. ఎల్ల గీచినంత మాత్రమున అలవాటు ఎల్లకు లోబడలేదు. రెండు వైపుల ముసలమ్మలును ఒకే తీరున చుట్ట కాల్చిరి.

నిప్పు సెగ, పొగ నేరుగా అంగిలికి తగులుట వలన అక్కడి చర్మము మొదట తెల్లబారును, మచ్చలు కట్టును, కొందరిలో పుండై తుదకు కాన్సరుగా మారును. దీనినే మన పెద్దలు రాచపుండు అనిరి. లోకమున నోటి కాన్సరు అంగిలి మీద పుట్టుట అరుదు. విశాఖ ప్రాంతమున అది తరచుగా కనబడుట వైద్యులను ఆశ్చర్యపరచెను. 1937లో కినీ, సుబ్బారావు అను వైద్యులు ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో కాన్సరు సమస్యను గూర్చి వ్రాసిరి. 1945లో బొంబాయికి చెందిన డాక్టరు ఖానోల్కరు, సూర్యాబాయి గార్లు మన దేశపు అలవాట్లకును కొన్ని విధముల కాన్సరులకును గల సంబంధమును చూపుచు ఒక వ్యాసమును ప్రకటించిరి. 1957లో డి. జి. రెడ్డి, వి. కె. రావు గార్లు కోస్తా ఆంధ్రమునందలి అంగిలి కాన్సరునకు అడ్డపొగయే కారణమని స్పష్టముగా వ్రాసిరి.

ఇంతవరకు జరిగిన పనిలో ఒక లోపము కలదు. వైద్యులు చూచినది ఆసుపత్రికి వచ్చిన రోగులను. ఆసుపత్రికి వచ్చునాటికి పుండు ముదిరి యుండెడిది. రానివారి సంగతి, ఇంకను మచ్చ దశలో నున్నవారి సంగతి ఎవ్వరికిని తెలియదు. తెలియవలెనన్నచో వైద్యుడే వీధులలో నడిచి పోవలెను.

1960 తరువాతి దశకములో ఆ పని జరిగినది. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ సంస్థయందు దంత పరిశోధనకై ఒక విభాగముండెను. అందు డాక్టరు ఫలీ మెహతా, డాక్టరు దఫ్తరీ, గణాంకములలో నిపుణుడైన ప్రకాశ్ గుప్తా గార్లు, డెన్మార్కు దేశమునకు చెందిన ఆచార్య పిండ్‌బోర్గుతో కలిసి ఒక పెద్ద ప్రయత్నము తలపెట్టిరి. కేరళలోని ఎర్నాకుళము, ఆంధ్రమునందలి శ్రీకాకుళము, గుజరాతులోని భావనగరము, బీహారులోని దర్భంగా, నాడు బీహారునందే యున్న సింగ్‌భూము జిల్లాలను ఎన్నుకొని, దంతవైద్యులు ఇల్లిల్లు తిరిగి 50,915 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించిరి. ఆ ఫలితములు 1969లో వెలువడినవి. నాటి శ్రీకాకుళము జిల్లా నేటి దానికంటె పెద్దది. 1979లో విజయనగరము జిల్లా ఏర్పడక పూర్వము బొబ్బిలి, సాలూరు ప్రాంతములును అందే యుండెను.

పాఠకులు ఒక్క క్షణము ఆలోచింపవలెను. దంతవైద్యుని పేరైనను వినని పల్లెలలో, ఏ నొప్పియు లేని స్త్రీని కూర్చుండబెట్టి, “అమ్మా, నోరు తెరువుము” అని అడిగి, అంగిలిని చూచి, ఆమె చుట్ట ఏ కొనను నోట పెట్టుకొనునో అడిగి వ్రాసికొనుట సామాన్యమైన పని కాదు. 1971లో శ్రీకాకుళపు ఫలితములు ప్రత్యేకముగా ఒక ఆంగ్ల పత్రికలో ప్రకటింపబడినవి. అందు 10,169 మంది గ్రామీణుల లెక్క కలదు. అంగిలి మీది మార్పులకును అడ్డపొగకును గల సంబంధము అందు ఋజువైనది. ఏ ఆసుపత్రి రికార్డును చెప్పజాలని సంగతిని ఆ వీధుల లెక్క చెప్పినది.

వారు ఒకసారి చూచి వెడలిపోలేదు. ఎర్నాకుళము, శ్రీకాకుళము, భావనగరము జిల్లాలలో పది సంవత్సరముల పాటు అదే మనుష్యులను మరల మరల పరీక్షించిరి. రాచపుండు దాదాపుగా పొగాకు వాడువారిలోనే పుట్టుచున్నదని, చాలమందిలో అంతకు ముందే మచ్చలు కనిపించుచున్నవని తెలిసినది. అనగా రోగము చెప్పకుండ వచ్చుట లేదు. ముందుగా కబురు పంపుచున్నది. ఆ కబురును చదువగల కన్ను దగ్గర లేకపోవుటయే ప్రమాదము.

కనుగొన్న విషయమును ప్రజలకు ఉపయోగపరచుట తరువాతి మెట్టు. 1977 ప్రాంతమున పై మూడు జిల్లాలలోనే, ఒక్కొక్క జిల్లా నుండి సుమారు 12,000 మంది చొప్పున, మొత్తము 36,000 మంది పొగాకు వాడువారిని మరల ఎన్నుకొనిరి. ఏటేట దంతవైద్యులు వారి నోళ్లను చూచిరి. అలవాటు మానుమని ఒక్కొక్కరితోను నేరుగా చెప్పిరి. చలనచిత్రములు, గోడపత్రికలు మొదలగు సాధనములను వాడిరి. ఐదు సంవత్సరముల ఫలితములు 1986లో లండను నుండి వెలువడు లాన్సెట్ పత్రికలో అచ్చుపడినవి. హెచ్చరిక విని పలువురు పొగాకును మానిరి, లేదా తగ్గించిరి. క్రొత్తగా పుట్టు మచ్చలు పూర్వము కంటె తగ్గినవి. చదువు రాని పల్లెవారు ఏండ్ల తరబడి పట్టిన అలవాటును మానరను అపవాదు దీనితో తొలగినది. నమ్మదగిన మనిషి ఇంటికి వచ్చి, నోరు చూచి, తెలియునట్లు చెప్పినచో వారు విందురు.

ఇక్కడ నా యింటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. లాన్సెట్ పత్రికలో ఆ వ్యాసము వచ్చిన రెండేండ్లకు, 1988లో, ఇచ్ఛాపురము దగ్గరి పల్లె నుండి మా మేనత్త బరంపురమునందలి మా యింటికి వచ్చినది. అన్నము మింగుట కష్టముగా నున్నదని, కారము తగిలిన మండుచున్నదని చెప్పినది. ఆమెకు ఒరియా రాదు. ఆసుపత్రిలో ఆమె మాటను వైద్యునికి చెప్పవలసినవాడను నేనే. పొగాకు అలవాటు కలదా యని వైద్యుడు అడిగెను. నేను అత్త వైపు చూచితిని. ఆమె తల అడ్డముగా ఆడించినది. చిన్ననాటి నుండి నేనెత్తుకొని తిరిగిన పిల్లవాని యెదుట చుట్ట సంగతి ఎట్లు ఒప్పుకొందునని ఆమె సంకోచము. పెరటిలో చెరువు వైపు తిరిగి ఆమె అడ్డపొగ త్రాగుట నేను ఎన్నిసార్లు చూడలేదు? అయినను ఆమె మర్యాదకు భంగము కలుగునని తలచి, లేదని ఒరియాలో చెప్పితిని. వైద్యుడు మందు వ్రాసి పంపెను. ఆరు నెలల తరువాత మరల తీసికొని పోవునాటికి పుండు అంగిలి అంతయు వ్యాపించి యుండెను. మరుసటి ఏడు ఆమె కాలధర్మము నొందినది.

కచేరీలో గుమాస్తాగా ఎన్నో అర్జీలు సరిచూచితిని. ఏ గడి ఖాళీగా ఉన్నను, ఏ గడిలో తప్పు వ్రాసియున్నను త్రిప్పి పంపితిని. మా అత్త విషయమున మాత్రము ముఖ్యమైన గడిలో నేనే తప్పు వ్రాయించితిని. ఆమె పల్లెకు అంత దూరము కాని గ్రామములలో ఇదే ప్రశ్నను వైద్యులు ఇంటింట అడిగి వేలకొలది జవాబులు వ్రాసికొనిరని నాకు చాల ఏండ్లకు గాని తెలియలేదు. తెలిసిననాడు కలిగిన బాధను వ్రాయజాలను.

ఈ సంగతి నా యొక్కని యింటిది కాదని తలంతును. కోలారులో గాని, హోసూరులో గాని, షోలాపురములో గాని, పర్లాకిమిడిలో గాని స్థిరపడిన మన కుటుంబములలో స్థానిక భాష రాని పెద్దవారు ఒకరిద్దరు ఉందురు. వైద్యుని యెదుట వారి నోరు మన పిల్లలే. పిల్లల యెదుట పెద్దలు కొన్ని సంగతులు చెప్పరు. పెద్దల కొరకు పిల్లలు కొన్ని దాతురు. అందుచే ఆసుపత్రి వీధి చివరనే యున్నను, వైద్యము వారికి దూరముగనే ఉండవచ్చును. దూరమును మైళ్లతోనే కొలువరాదు.

కాలము మారినది. 2014లో కేంద్ర ప్రభుత్వము జాతీయ దంతారోగ్య కార్యక్రమమును ఆరంభించినది. 2016 తరువాత ముప్పది ఏండ్లు నిండిన వారందరికిని నోటి కాన్సరు పరీక్ష జరుపవలెనను పద్ధతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ప్రవేశపెట్టబడినది. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి పొగాకు అలవాటును గూర్చి అడుగుట అందులో భాగము. శ్రీకాకుళపు వీధులలో మొదలైన పద్ధతికి ఇది వారసత్వమే. కాని ప్రమాదము పోలేదు. పొగాకు, బెల్లపు మడ్డి కలిపిన గుడాఖుతో పండ్లు తోముకొను అలవాటు ఒడిశాలో నేటికిని కలదు. గుట్కా, ఖైనీల సంగతి చెప్పనక్కరలేదు.

కావున నా విన్నపము చిన్నది. మన సంఘముల వార్షికోత్సవములలో పాటకచేరికి, భోజనములకు ఏర్పాట్లు చేయుదుము. ఆ నాడే ఒక గదిలో ఒక దంతవైద్యుని, ఆయన ప్రక్కన తెలుగు తెలిసిన ఒక పెద్ద ముత్తైదువను కూర్చుండబెట్టినచో ఖర్చు స్వల్పము. ఆమె యెదుట మన అమ్మలు, అత్తలు సంకోచము లేక మాటాడుదురు. కొడుకులు, మేనల్లుండ్రు గది బయట ఉండవలెను. ఇంటిలోను నెలకొకసారి వెలుతురులో పెద్దల నోరు చూడవచ్చును. కట్టుడు పండ్లు ఉన్నచో తీసి, పెదవులు, బుగ్గల లోపలి భాగము, నాలుక, నాలుక క్రింద, అంగిలి చూడవలెను. తెల్లని లేదా ఎఱ్ఱని మచ్చయో, రెండు వారములలో మానని పుండో కనబడినచో జాగు చేయక వైద్యునికి చూపవలెను. అడిగిన ప్రశ్నకు ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను.

మా అత్త చుట్టపెట్టె నా వద్ద నేటికిని కలదు. మా సంఘమున అట్టి పరీక్ష ఏర్పాటు చేసిన నాడు దానిని ఆ గదిలోని బల్ల మీద ఉంచుదును. చూచినవారు సిగ్గుపడక మాటాడుటకు అది సాయపడునేమో యని నా ఆశ.