కాలి కొలతయు, సైకిలు చరిత్రయు

విశాఖపట్టణము నుండి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకులోయకు పోవు రోడ్డు మైదానములో బయలుదేరి తొమ్మిది వందల మీటర్లకు పైబడిన ఎత్తుకు చేరును. దాని నుండి చీలి గిరిజన గ్రామములకు పోవు మట్టిబాటలు ఇంకను ఏటవాలుగా, రాళ్లతో నిండియుండును. అట్టి బాటపై ఒక విద్యార్థి పెద్దవారి సైకిలుపై దిగుచున్నాడనుకొందము. సీటుపై కూర్చున్నచో పెడళ్లు అందవు. అందుచే ఫ్రేము సందున కాలు దూర్చి తొక్కుచున్నాడు. అతని క్షేమము దేనిపై ఆధారపడియున్నది? బ్రేకులపైనని మనము వెంటనే చెప్పుదుము. కాని బ్రేకు వేసిన మరుక్షణమున అతని పాదము నేలకు అందవలెను గదా! మనిషి కొలతకు, సైకిలు కొలతకు గల ఈ సంబంధము చిన్న విషయము కాదు. సైకిలు చరిత్రలో చాల భాగము దీని చరిత్రయే.

1817లో జర్మనీలో కార్ల్ వాన్ డ్రైస్ నిర్మించిన రెండు చక్రముల బండికి పెడళ్లు లేవు. దానిపై కూర్చుండి పాదములతో నేలను తన్నుచు పోవలెను. కావున సీటు ఎత్తు కాలి పొడవును మించుటకు వీలులేదు. 1860లలో పారిస్ నగరమున ముందు చక్రమునకే పెడళ్లు అమర్చినారు. పెడలు ఒకసారి తిరిగిన చక్రమును ఒకసారే తిరుగును. మరి వేగము పెరుగుట ఎట్లు? చక్రమును పెంచుటయే ఉపాయము. ఒకటిన్నర మీటర్ల వ్యాసము గల చక్రము ఒక చుట్టులో సుమారు 4.7 మీటర్లు పోవును. 1870లలో ఇంగ్లండులో ఇట్టి ఎత్తైన సైకిళ్లు వ్యాపించినవి. అయితే చక్రమును ఎంతవరకు పెంచవచ్చును? తొక్కువాని కాలు అందునంతవరకే! పొడగరికి పెద్ద చక్రము, పొట్టివానికి చిన్న చక్రము. రాయి అడ్డు తగిలినచో తలక్రిందులుగా పడుట మాత్రము ఇరువురకును సమానమే.

1885లో జాన్ కెంప్ స్టార్లీ కొవెంట్రీ పట్టణమున నిర్మించిన 'రోవర్' సైకిలు ఈ చిక్కును విడదీసినది. పెడళ్ల శక్తిని అతడు చైను ద్వారా వెనుక చక్రమునకు పంపినాడు. ముందు పళ్లచక్రమునకు 44 పళ్లు, వెనుకదానికి 18 పళ్లు ఉన్నచో, పెడలు ఒకసారి తిరుగునప్పటికి వెనుక చక్రము దాదాపు రెండున్నర సార్లు తిరుగును. ఇక వేగమునకై చక్రమును పెంచనక్కరలేదు. సీటు నేలకు దగ్గరైనది.

కాని కర్మాగారముల యుగములో మరియొక బంధము వచ్చినది. మన దేశములో 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సైకిళ్ల తయారీ ఆరంభమైనది. 28 అంగుళముల చక్రములు, 22 లేక 24 అంగుళముల ఫ్రేము గల సైకిలు ఇంటింటికి వచ్చినది. గట్టిది, బరువు మోయగలది. మైదానపు రోడ్లకు తగినది. కాని ఇంటికి ఒక్కటే సైకిలు, దానికి ఒక్కటే కొలత. తండ్రికి సరిపోయిన సైకిలునకు కొడుకు సరిపడవలసి వచ్చినది.

ఈ చిక్కునకు సమాధానము కొండలపైననే దొరకినది. అమెరికాలోని కాలిఫోర్నియాలో టమాల్‌పాయిస్ అను కొండ కలదు. దాని ఎత్తు 780 మీటర్లకు కొంచెము ఎక్కువ; అనగా మన అరకులోయ నేలకంటెను తక్కువ. 1970లలో ఆ ప్రాంతపు యువకులు 1930, 40ల నాటి లావు టైర్ల పాత సైకిళ్లపై మట్టిబాటల వెంట దిగసాగినారు. 1976లో అక్కడ 'రీప్యాక్' పందెములు ఆరంభమైనవి. ఒక్కసారి దిగునప్పటికి వెనుక చక్రములోని బ్రేకు వేడెక్కి, లోపలి గ్రీజు మాడిపోయెడిది. దానిని మరల నింపవలసి వచ్చుటచే ఆ పేరు. 1977లో జో బ్రీజ్ కొండబాటలకై ప్రత్యేకముగా ఫ్రేము నిర్మించినాడు. తరువాతి కాలమున కొండ సైకిళ్ల పైకడ్డీని వెనుకకు వాల్చి క్రిందికి దించినారు. కారణము స్పష్టము: బాటపై ఏ క్షణమునైనను పాదము నేలకు ఆనవలసి రావచ్చును.

మరి నేడు కొలత తీయుట ఎట్లు? అంగడిలో 26, 27.5, 29 అని చెప్పునవి చక్రపు కొలతలు. ఫ్రేము కొలత వేరు. గోడకు ఆని నిలిచి, కాళ్ల నడుమ ఒక పుస్తకమును పైకి ఆనించి పట్టుకొని, దాని పైఅంచు నుండి నేలవరకు కొలువవలెను. ఇది లోకాలి పొడవు. సైకిలు పైకడ్డీకి ఇరుప్రక్కల కాళ్లుంచి నిలిచినప్పుడు, కొండబాటలకైనచో శరీరమునకు, కడ్డీకి నడుమ కనీసము ఐదు సెంటీమీటర్ల ఎడముండవలెను. సీటు ఎత్తునకు హామ్లీ, థామస్ అను పరిశోధకులు 1967లో ఒక లెక్క చెప్పినారు: క్రిందికి దిగిన పెడలు ఇరుసు నుండి సీటు పైభాగము వరకు లోకాలి పొడవులో 109 శాతము. 70 సెంటీమీటర్ల కాలికి ఇది సుమారు 76. అప్పుడు కాలు పూర్తిగా చాచుకొనక మోకాలు కొంచెము వంగియుండును. సీటు మిక్కిలి దిగినచో ఎక్కుడులో మోకాలికి శ్రమ. మిక్కిలి లేచినచో నడుము ఇటునటు ఊగును. నిటారు బాట దిగునప్పుడు మాత్రము సీటును తగ్గించుకొనుట మేలు. శరీరమును వెనుకకు జరుపుకొనుటకు వీలగును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చేయించవచ్చును. ఒక టేపు, ఒక పుస్తకము, ఒక గోడ చాలును. విద్యార్థి తన కాలి కొలత తెలిసికొని అంగడికి పోయినచో, సైకిలునకు తాను సరిపడనక్కరలేదు. సైకిలే తనకు సరిపడవలెనని అడుగగలడు.