మూలప్రతి దొరకని యంత్రాలు

మా బాబాయి తన బి.ఎస్.ఎ. ఎం20 మోటారు సైకిలుకు కిక్కు కొట్టబోయి మోకాలు పోగొట్టుకున్నది 1974 వేసవిలో. కిక్కు కడ్డీ వెనుక, గేర్‌బాక్సులో, పావు చక్రం ఆకారంలో పళ్ళున్న బిళ్ళ ఒకటి ఉంటుంది. దానిని క్వాడ్రంట్ అంటారు. అది అరిగిపోతే, దిగుమతుల మీద ఆంక్షలున్న ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచి తెప్పించే దారి లేక, పాతదానినే నమూనాగా ఇచ్చి ఊళ్ళో లేత్ మిషను మీద కొత్తది చేయించారు. చూడటానికి అచ్చం అదే. మూడు నెలలు పని కూడా చేసింది. ఒకనాటి ఉదయం బాబాయి తన బరువంతా కడ్డీ మీద మోపిన క్షణాన రెండు పళ్ళు ఊడిపోయాయి. ఆసరా దొరకని కాలు నేలకు కొట్టుకున్నది. ఆ తరువాత ఆయన బ్రతికినన్నాళ్ళూ గోడ పట్టుకునే మెట్లెక్కారు. బండి పెంకుటింటి పంచలో గోనెపట్టా కింద ఉండిపోయింది.

ఉద్యోగ విరమణ తరువాత ఆ బండిని మళ్ళీ నడిపించాలని నాకు బుద్ధి పుట్టింది. తెలుగు పంతులుకు ఇంజన్లతో పనేమిటని ఇంట్లో నవ్వారు. చిత్రమేమంటే, విడిభాగాల వేటలో నాకు అన్నిటికంటె అక్కరకు వచ్చింది ఆ పండిత శిక్షణే.

తాళపత్ర గ్రంథాలతో పరిచయమున్న వారికి ఈ సంగతి తెలుసు. వ్రాయసగాడు ఒక ప్రతిని చూచి ఇంకొక ప్రతి వ్రాస్తాడు. పురుగు తిన్న చోట తనకు తోచిన అక్షరం వేస్తాడు. ఆ తరువాతివాడు ఆ తప్పునే ఒప్పుగా ఎత్తి వ్రాస్తాడు. నాలుగు చేతులు మారేసరికి కవి అన్నదేమిటో తెలియదు. సి.పి.బ్రౌను కడపలో పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి అనేక ప్రతులు సేకరించి సరిపోల్పించింది ఇందుకే. అరిగిన బిళ్ళను కొలిచి కొత్త బిళ్ళ చేస్తే ఆ అరుగుదల కూడా కొలతయి కూర్చుంటుంది. అంతకంటె పెద్ద చిక్కు ఇంకొకటి ఉన్నది. నమూనా ఆకారాన్ని చూపుతుంది గాని లోహాన్ని చెప్పదు. ఏ రకం ఉక్కు, పైపొర ఎంత లోతున గట్టిపడాలి, లోపల ఎంత మెత్తగా మిగలాలి, ఇవన్నీ కర్మాగారపు డ్రాయింగు కాగితం మీద ఉండే మాటలు. మా ఊరి లేత్ పనివాడు మెత్తని ఇనుముతో చేశాడు, పళ్ళకు పదును పెట్టలేదు. అతనిని తప్పుపట్టలేను. అతని చేతిలో పాఠమే లేదు, పాడైన ప్రతి ఒక్కటే ఉన్నది.

మూలం చూడకుండా బయటివారు చేసే ఇటువంటి భాగాలను ఇంగ్లండులో ప్యాటర్న్ పార్టులంటారు. వాటిలో మంచివీ ఉన్నాయి, కాలు విరగ్గొట్టేవీ ఉన్నాయి. కనుక పాత బ్రిటిష్ బండికి మేలైన భాగం ఎక్కడ దొరుకుతుందని అడిగే ముందు, దాని డ్రాయింగులు ఎవరి చేతికి చిక్కాయో అడగాలి.

బి.ఎస్.ఎ. అనగా బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకులు చేసేవారు కలిసి పెట్టుకున్న సంస్థ. రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం ఎం20 బండ్లే సుమారు 1,26,000 చేసింది. 1950లలో ప్రపంచంలోకెల్లా పెద్ద మోటారు సైకిలు సంస్థ తమదేనని చెప్పుకున్నది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి దివాలా అంచుకు చేరి, 1973లో నార్టన్ విలియర్స్ ట్రయంఫ్ అనే కొత్త కూటమిలో కలిసిపోయింది. తక్కినవారి కథ కూడా ఇంతే. విన్సెంటు 1955లోనే బండ్లు చేయటం మానింది. ఎ.జె.ఎస్., మ్యాచ్‌లెస్ బండ్లు చేసిన సంస్థ 1966లో కూలింది. వెలొసెట్ 1971లో మూతబడింది. ట్రయంఫ్ మెరిడెన్ కర్మాగారాన్ని కార్మికులే సహకార సంఘంగా ఏర్పడి కొన్నేళ్ళు లాక్కొచ్చారు. 1983లో అదీ పోయింది. ఇప్పుడు ఆ స్థలంలో ఇళ్ళున్నాయి. అక్కడి వీధులకు బోనవిల్, డేటోనా అని బండ్ల పేర్లు పెట్టారు. మన ఊళ్ళలో పూడ్చిన చెరువు పేరు కాలనీకి పెట్టినట్టు!

కర్మాగారం మూతపడిన నాడు యంత్రాలు వేలానికి పోతాయి, గిడ్డంగిలోని సరుకు దుకాణదారులు కొంటారు. డ్రాయింగుల బీరువాను ఎవరు పట్టించుకున్నారన్నదే ఆ బండి భవిష్యత్తు. నార్టన్ కమాండో ఈ విషయంలో అదృష్టవంతురాలు. 1967లో పుట్టి 1977 దాకా వచ్చిన బండి అది. కూటమి విడిభాగాల శాఖ నుంచి ఏర్పడిన ఆండోవర్ నార్టన్ సంస్థకు అసలు డ్రాయింగులు దక్కాయి. నేటికీ ఆ కొలతలతోనే భాగాలు చేయిస్తున్నారు. ట్రయంఫ్ విషయం మరో రకం. విడిభాగాలు తయారుచేసే లెస్ హ్యారిస్ అనే ఆయన, పేరు కొన్న జాన్ బ్లూర్ వద్ద అనుమతి పొంది, డెవన్‌లోని న్యూటన్ ఆబట్‌లో 1985 నుంచి 1988 వరకు బోనవిల్ బండ్లనే పూర్తిగా కట్టారు. భాగాలు చేసే చేతులు చివరకు బండినే చేశాయన్నమాట.

నాకు అన్నిటికంటె నచ్చినది విన్సెంటు కథ. వారికి వారసుడే లేడు. అప్పుడు యజమానుల సంఘం సభ్యులే డబ్బు వేసుకుని 1975లో విడిభాగాల కంపెనీ పెట్టుకున్నారు. ఒక్కొక్క భాగమే చేయించుకుంటూ పోయి, 2000 తరువాతి దశకంలో, అన్నీ కొత్త భాగాలతోనే ఒక బ్లాక్ షాడో బండిని నిలబెట్టి చూపించారు. బండి చేయటం ఆగిన అర్ధ శతాబ్దానికి! జీర్ణోద్ధరణ అనే మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మన దేశానికి దక్కినది రాయల్ ఎన్‌ఫీల్డ్. 1952లో మన సైన్యం 350 సి.సి. బుల్లెట్లు 800 కావాలని కోరింది. 1955లో మద్రాసు మోటార్సు వారు రెడ్డిచ్ వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా స్థాపించారు. 1957లో అచ్చులు, పనిముట్లు కూడా కొని తెచ్చుకున్నారు. అక్కడ రెడ్డిచ్ కర్మాగారం 1967లో మూతబడింది, 1970 నాటికి సంస్థే లేదు. తిరువొత్తియూరులో మాత్రం ఆ పాఠం అవిచ్ఛిన్నంగా సాగింది. 1977 నుంచి మనమే ఇంగ్లండుకు బుల్లెట్లు పంపాం. అక్కడి వారు తమ 1950ల బుల్లెట్లకు మద్రాసు భాగాలు వేసుకున్నారు. నాణ్యత ఎల్లకాలం ఒక్క తీరున ఉన్నదనను. కాని తప్పు ఎక్కడ దొర్లిందో సరిచూసుకోవటానికి మూలమంటూ ఒకటి చేతిలో ఉన్నది.

మా ఎం20కు ఆ భాగ్యం లేదు. అయితే లక్షకు పైగా చేసిన బండి కనుక భాగాలు లోకమంతటా చెల్లాచెదురుగా ఉన్నాయి. 2019 సెప్టెంబరులో మా అబ్బాయి దగ్గరకు ఇంగ్లండు వెళ్ళినప్పుడు బ్యూలీ అనే చోట జరిగే పాత సామాన్ల సంత చూశాను. 1967 నుంచి జరుగుతున్న సంత అది. మైదానం నిండా బల్లల మీద, నేల మీద తుప్పు పట్టిన చరిత్ర. అక్కడ ఎన్నడూ వాడని మాగ్నెటో ఆర్మేచరు ఒకటి, మైనపు కాగితం చుట్టు కూడా విప్పనిది, దొరికింది. నిధి దొరికినంత సంబరపడ్డాను. ఇంటికి తెచ్చి బిగిస్తే చల్లగా ఉన్నప్పుడు ఇంజను ఒక్క కిక్కుకే అందుకునేది. రెండు మైళ్ళు పోయి వేడెక్కగానే నిప్పురవ్వ పోయి ఆగిపోయేది. లోపలి కండెన్సరులో రేకుల మధ్య వేసిన కాగితం, పెట్టెలో పడి ఉండగానే ముసలిదైపోయింది. వాడనిదంతా కొత్తది కాదు. పాత గేరు చక్రమయితే యాభై ఏళ్ళు నూనె కాగితంలో ఉన్నా చెడదు. రబ్బరు, కండెన్సరు, బ్రేకు లైనింగు మాత్రం పాత సరుకు కొనకూడదు. విజయవాడలో ఒక పెద్దాయన కొత్త కండెన్సరు వేసి, తీగ మళ్ళీ చుట్టి ఇచ్చాడు. ఆ జబ్బు మళ్ళీ రాలేదు.

పాతదానికంటె కొత్తదే మేలయిన సందర్భాలూ ఉన్నాయి. 1967లో వచ్చిన ఆమల్ కాన్సెంట్రిక్ కార్బొరేటరులో ఒడలూ, లోపల ఆడే స్లయిడూ ఒకే జింకు మిశ్రమం. ఒకదానినొకటి రాసుకుని అరిగిపోయేవి. ఇప్పుడు సాల్స్‌బరీలో చేస్తున్న వాటికి పైపొర గట్టిపరచిన అల్యూమినియం స్లయిడు దొరుకుతున్నది. పరిష్కర్త కవినే దిద్దాడని కోప్పడేవారు ఉంటారు. నేను మాత్రం ఇక్కడ పరిష్కర్త పక్షం. పైగా పెట్రోలులో ఇథనాలు కలుపుతున్న ఈ కాలంలో పాత రబ్బరు, ఫైబర్‌గ్లాసు ట్యాంకులు తట్టుకోవు. అవి పాతవే కావాలని పట్టుబట్టటం మూర్ఖత్వం.

మరల సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల మరను ప్రతిపాదించాడు. సైకిలు వారి మర 60 డిగ్రీలు, అంగుళానికి 26 చుట్లు. రెండూ, వాటితో పాటు ఇంకొకటీ, ఒకే బండి మీద ఉంటాయి. పానా మీది అంకె దాని నోటి వెడల్పు కాదు, బోల్టు లావు. విట్‌వర్త్ పావు అంగుళం పానా, బి.ఎస్.ఎఫ్. 5/16 బోల్టుకు పడుతుంది. ఈ గుట్టు తెలియక మిల్లీమీటరు పానాలతో నేను పాడు చేసిన తలలు ఎన్నో. ఛందస్సు తెలియకుండా పద్యం దిద్దబోయిన వాడి పని.

క్వాడ్రంటు చివరకు ఇంగ్లండులోని ఒక పాత భాగాల వ్యాపారి పంపాడు. డబ్బు కట్టే ముందు ఏ ఉక్కు, పదును పెట్టారా లేదా అని అడిగాను. విసుక్కోకుండా జవాబిచ్చాడు. ఆ జవాబే నాకు సగం నమ్మకం కలిగించింది. వచ్చాక ఒక పంటి అంచున ఆకురాయి పెట్టి చూశాను. గీసుకుపోలేదు, గాజు మీద జారినట్టు జారింది. బాబాయిని పడగొట్టిన బిళ్ళ నా దగ్గరే ఉన్నది. దాని మీద అదే ఆకురాయి వెన్న మీద కత్తిలా దిగింది.

ఇప్పుడు ముందు ఫోర్కు బుష్‌ల వంతు. బండి సంఖ్య పంపమన్నారు. చట్రం మీది మడ్డిని కిరోసిను గుడ్డతో తుడిస్తే, యుద్ధకాలపు గుర్తు అయిన డబ్ల్యు.ఎం.20 అక్షరాలు బయటపడ్డాయి. వాటి తరువాతి అంకెల్లో ఒకటి 3 అనుకోవాలో 8 అనుకోవాలో తేలలేదు. శాసనానికి అచ్చు తీసినట్టు, పలుచని కాగితం అద్ది, పెన్సిలుతో రుద్ది, ఆ కాగితాన్నే పోస్టులో పంపాను. వారు 8 అంటున్నారు. మా అబ్బాయి 3 అంటున్నాడు.